నానని మట్టి

పెళ్ళయిన కొత్తలో మహిమకు చూసిందల్లా నచ్చేది. కాగితం మిల్లు క్వార్టర్ కిటికీలోంచి చూస్తే గేటు ముందు జామాయిల్ కర్ర లారీలు బారులు తీరి ఉండేవి. కర్రల మీద కోతులు ఎక్కి కూర్చుని క్లీనర్ల అన్నం మూటల కోసం కాపు కాస్తుంటే ఆమెకు పొద్దు తెలిసేది కాదు. అత్తమ్మ మరియ టీ గ్లాసు అందించే ముందు దాని అడుగును కొంగుతో తుడవడం నచ్చేది. భర్త సుకుమార్‌ను అత్తమ్మ ముందు "మీరు" అనడం, గది తలుపు దగ్గరికి వేయగానే "నువ్వు" అనడం మరీ నచ్చేది. ఆ ఒక్క మాట మారడంలోనే కాపురమంతా ఉన్నట్టు తనలో తానే మురిసిపోయేది.

గిట్టనిది ఒక్కటే. డ్యూటీ దిగి వచ్చిన సుకుమార్ చేతుల కంపు.

మిల్లు కంపు సంగతి కాదు. అది కాలనీ అంతటికీ ఉమ్మడి ఆస్తి. గాలి ఇటు తిరిగిన రోజున గుజ్జు ఉడికే వాసన ఆరేసిన దుప్పట్లలోకి కూడా దూరుతుంది, ఎవరూ పట్టించుకోరు. మహిమది వేంసూరు. చిన్నప్పటి నుంచీ అశ్వారావుపేటలో బస్సు పామాయిల్ ఫ్యాక్టరీ దాటేటప్పుడల్లా ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకున్న పిల్ల. ఫ్యాక్టరీ అన్నాక వాసన ఉంటుందని ఆమెకు ఒకరు చెప్పక్కర్లేదు. ఇది అలాంటిది కాదు. మురిగిన కోడిగుడ్డు పగిలి, ఎండిన చెరువు బురదలో కలిస్తే ఎలా ఉంటుందో అలా ఉండేది. చొక్కా విప్పితే పోయేది కాదు. వేళ్ళను పట్టుకుని ఇంట్లోకి వచ్చేది. గోళ్ళ కింద నల్లటి గీతలా కనబడేది కూడా. అతను సబ్బు పెట్టి, నిమ్మచెక్క పెట్టి, ఆఖరికి గిన్నెలు తోమే పీచుతో తోలు ఎర్రబడేదాకా రుద్దుకునేవాడు. వంట గదిలో ఉన్న మహిమకు అతను వరండాలో చెప్పులు విడుస్తుండగానే తెలిసిపోయేది.

మొదట్లో ఓర్చుకుంది. తర్వాత అతను పప్పన్నం కలుపుకుంటుంటే వేళ్ళ సందుల్లోంచి ముద్ద బయటికి రావడం చూడలేక గోడవైపు తిరిగి తినేది. రాత్రి అతని చెయ్యి భుజం మీద పడితే ఊపిరి బిగబట్టేది. బిగబట్టి ఎంతసేపని ఉంటుంది మనిషి.

ఒకరోజు సుకుమార్ మంచి హుషారుగా ఉన్నాడు. ముద్దలో చేప ముక్క పెట్టి, అమ్మ చూస్తుండగానే భార్య నోటికి అందించాడు. మరియ మొహం పక్కకు తిప్పుకుని నవ్వుకుంది. మహిమ నోరు తెరిచింది. ముద్ద కంటే ముందు వేళ్ళు ముక్కు దగ్గరికి వచ్చాయి. అంతే. చెయ్యి తోసేసి పెరట్లోకి పరుగెత్తి తూము దగ్గర భళ్ళున కక్కుకుంది. మధ్యాహ్నం తిన్నది కూడా వచ్చేసింది. జామచెట్టు కింద కూలబడి, తన వాంతి తనకే అసహ్యమేసి, దాని మీద బూడిద పోసింది.

మరియ సంతోషానికి పట్టపగ్గాలు లేవు.

"కూసో బిడ్డా, కూసో. గా బూడిద నేను పోస్త గద," అని జబ్బ పట్టుకుని లేపింది. అది కాదు అత్తమ్మా అని మహిమ ఎంత చెప్పినా ఆమె వినలేదు. మూడు కాన్పుల దాన్ని, నాకు తెల్వదా అంది. మర్నాటికి మామిడికాయ పచ్చడి జాడీ అటక మీద నుంచి దిగింది. ఆదివారం ప్రార్థన అయ్యాక గుడి మెట్ల మీద ఆడవాళ్ళు మహిమ కడుపు వంక చూసి ముసిముసిగా నవ్వారు.

సుకుమార్ మాత్రం నవ్వలేదు. అతనికి తెలుసు. ముద్ద పెట్టిన చెయ్యిని ఆమె ఎలా తోసిందో అతనే చూశాడు. ఆ రాత్రి నుంచి ఉక్కపోస్తోందని వంక పెట్టి వరండాలో చాప వేసుకున్నాడు. ఇంట్లో కూలరు తిరుగుతూనే ఉంది.

మూడో రోజో నాలుగో రోజో, మహిమ మంచినీళ్ళ చెంబు పెట్టడానికి వెళితే చీకట్లోంచి అడిగాడు.

"నేనంటే రోత పుట్టిందా నీకు?"

కాదు అనాలి. ఆ ఒక్క మాట అనడానికి ఊపిరి తీసుకుంటే ముందు ఆ కంపు వచ్చింది. చెంబు పెట్టేసి లోపలికి వచ్చి తలగడలో మొహం పెట్టుకుంది. కొత్తగా కట్టుకున్న మొగుడి చెయ్యిని కుష్ఠురోగి చెయ్యిలా చూస్తున్న తనను తాను ఏమనుకోవాలో ఆమెకు తెలియలేదు. ఇలాగే సాగితే రేపు అతను వరండాలోంచి లోపలికి రాకుండానే కాపురం ముగుస్తుందేమో అనిపించింది.

*

మహిమ ఊరికే ఇంట్లో కూర్చునే మనిషి కాదు. ఖమ్మంలో కెమిస్ట్రీతో డిగ్రీ చేసింది. పెళ్ళయ్యాక అదే మిల్లు ల్యాబులో కాంట్రాక్టు ఉద్యోగం దొరికింది. సుకుమార్ పని మూడో మెషీన్ తడి వైపు, అంటే గుజ్జు ఇంకా నీళ్ళలో ఉన్న చోట. మహిమ పని ఆ మెషీన్ నీళ్ళు సీసాల్లో వస్తే పరీక్షించడం. ఒకే యంత్రం నీళ్ళకు తామిద్దరం చెరో వైపు ఉన్నామని చేరిన రోజున ఆమె పొంగిపోయింది.

కాగితం తయారీలో మహిమకు అన్నిటికంటే ముచ్చటగా అనిపించింది మట్టి. చేరకముందు కాగితంలో మట్టి ఉంటుందని ఆమెకు తెలియదు. పరుగెత్తే జల్లెడ మీద గుజ్జు పలచగా పారుతుంది, నీళ్ళు కిందికి కారిపోతాయి. పొడుగు నార జల్లెడ మీద నిలుస్తుంది కానీ, సన్నటి నలుసులు, కాగితం తెల్లగా ఉండటానికి కలిపిన సుద్ద పొడి నీళ్ళతో పాటే జారిపోతాయి. అవి జారకుండా ముందు ఒక జిగురు మందు పోస్తారు. అది అన్నిటినీ ఉండలు కడుతుంది. పంపులోనూ వడపోతలోనూ పడి ఆ ఉండలు చితికిపోతాయి. అప్పుడు వస్తుంది మట్టి. బెంటొనైట్ అని బస్తాల మీద ఉంటుంది, మిల్లులో అందరూ మట్టి అనే అంటారు. నీళ్ళలో బాగా నానితే అది కంటికి కనపడనంత పలచటి పొరలుగా విడిపోయి, చితికిన ముక్కలన్నిటినీ మళ్ళీ చిన్న చిన్న గుత్తులుగా పట్టి ఉంచుతుంది. మట్టి సరిగా పనిచేస్తే జల్లెడ కింద కారిన నీళ్ళు తేటగా ఉంటాయి.

మూడో మెషీన్ నీళ్ళు కొంతకాలంగా చల్లలా వస్తున్నాయి. సుద్ద, నలుసులు అన్నీ కిందికే. మురుగు శుద్ధి చేసే చోట తెల్లటి మడ్డి గుట్టలు లేచి, వానకు నాని, కాలనీ వెనక పురుగులు పట్టాయి. కాగితం మీద నల్లటి మచ్చలు పడి, మచ్చ ఉన్నచోట షీటు తెగి, మెషీన్ మాటిమాటికీ ఆగుతోంది. ఆగినప్పుడల్లా డ్యూటీ దిగిన సుకుమార్‌కు ఫోనొచ్చి మళ్ళీ పరుగెత్తేవాడు.

ఆ రోజు ల్యాబులో సీనియర్ యశోద ఒక మచ్చను సూదితో లేపి, గాజు పలక మీద నీటి చుక్కలో తడిపింది. అది ఉబ్బి, చీమిడిలా సాగింది. నల్లగా, జిగటగా, సూదికి అంటుకుని తీగలా వేలాడింది.

"ఇది పాకుడు," అంది యశోద. "వాసన జూడు, గప్పుడు తెలుస్తది ఎక్కడ పుట్టిందో."

మహిమ వంగి వాసన చూసింది. వెంటనే వెనక్కి జరిగి స్టూలు మీద కూర్చుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది సుకుమార్ చెయ్యి.

కాసేపటికి యశోద ఇచ్చిన సోంపు నములుతూ, నీళ్ళు పట్టే వంకతో సీసా ఒకటి తీసుకుని మెషీన్ వైపు వెళ్ళింది. మట్టి గది పక్కనే ఫోర్‌మన్ గురవయ్య నిలబడి ఉన్నాడు. ఇల్లెందు గనుల్లో పనిచేసే అన్నదమ్ములందరినీ కాదని కాగితానికి వచ్చిన మనిషి. "ఏందమ్మా, గిటొచ్చినవ్? సుకుమార్ గుర్తొచ్చిండా?" అని వేళాకోళం ఆడాడు. మట్టి ట్యాంకు చూడాలంది. చూపించాడు.

మూత ఎత్తగానే కంపు చెంపదెబ్బలా తగిలింది. లోపల పలచటి పాయసంలా ఉండాల్సిన మట్టి పైన బూడిదరంగు నీళ్ళుగానూ, అడుగున నల్లటి ముద్దగానూ విడిపోయి ఉంది. అడుగు నుంచి బుడగలు మెల్లగా లేచి పైన పగులుతున్నాయి. ట్యాంకు గోడలకు పాకుడు మేక పేగుల్లా వేలాడుతోంది. రోజూ కలియబెట్టే రెక్క ఆ ముద్దలో ఇరుక్కుంటోందని, సుకుమార్ ట్యాంకు నీళ్ళు దించి, పక్క తలుపు తీసి మోచేతిదాకా చెయ్యి పెట్టి ముద్దలు లాగి పారేస్తున్నాడని గురవయ్య చెప్పాడు. ఇంట్లో పప్పన్నం కలిపే చెయ్యి అదే. మహిమ సోంపు ఉమ్మేసి మరికాస్త నోట్లో వేసుకుంది.

గురవయ్య దృష్టిలో తప్పు స్టోరుది. టేకులపల్లి నుంచి వచ్చి బస్తాలు మోసే గోపాలు వాటిని వానలో తడిపాడట. తడిసిన మట్టి గడ్డ కట్టి పాడైందట. వచ్చే నెల నుంచి అతన్ని పనిలోకి పిలవొద్దని కాంట్రాక్టరుకు చెప్పేశారు. గోపాలు నేను తడపలే సారూ అని మొత్తుకున్నాడట. నిన్న ఇదే చోట అందరి ముందు బాగా తిట్లు తిన్నాడట. "సుకుమార్ గూడ ఈడనే ఉండె," అన్నాడు గురవయ్య మామూలుగా.

మహిమ బస్తాలోంచి పిడికెడు మట్టి రుమాలులో కట్టుకుంది. పొడిగా, మెత్తగా, శనగపిండి రంగులో ఉంది. గడ్డన్నది లేదు.

ల్యాబులో రెండు బీకర్లు తీసుకుంది. ఒకదానిలో మంచినీళ్ళు, ఒకదానిలో మెషీన్ కిందినుంచి వచ్చిన వాడిన నీళ్ళు. రెండింట్లోనూ మట్టిని కొద్దికొద్దిగా చల్లి, కలిపి, మూత పెట్టి ఇంటికి వెళ్ళిపోయింది.

పొద్దున వచ్చేసరికి మంచినీళ్ళలో మట్టి ఉబ్బి, తోడుకున్న గడ్డపెరుగులా నిలిచి ఉంది. బీకరు తలకిందులు చేసినా జారలేదు. దాన్ని చూసి మహిమకు చిన్నపిల్లలా సంబరమేసింది. యశోదను పిలిచి మళ్ళీ మళ్ళీ తిప్పి చూపించింది. రెండో బీకరులో మట్టి ఇసుకలా అడుగున కూర్చుంది. అందులోంచి అప్పుడే సన్నగా వాసన మొదలైంది. మంచి మట్టే. వాడిన నీళ్ళలో సుద్దలోంచి దిగిన సున్నం ఉంటుంది, కాగితం గట్టిపడటానికి కలిపిన గంజి ఉంటుంది. సున్నానికి మట్టి నానదు. నానకుండా అడుగున పడి, గంజిని తినే క్రిములు పుట్టి కుళ్ళుతుంది. మట్టిని మంచినీళ్ళలోనే నానబెట్టాలని మిల్లులో అందరికీ తెలుసు. దోసెలకు పప్పు నానబోసినట్టు, ముందు రోజే పోయాలి. మంచినీళ్ళ పైపు సన్నం, ట్యాంకు నిండటానికి చాలాసేపు పడుతుంది. పక్కనే వాడిన నీళ్ళ పైపు లావు. తిప్పితే ఇట్టే నిండుతుంది.

డ్యూటీ దిగే ముందు మట్టి నానబెట్టే పని ఎవరిదో కూడా అందరికీ తెలుసు.

బీకరు ఆమె చేతిలో ఉండగానే సంబరం చల్లారిపోయింది.

*

సాయంత్రం ఆ రెండు బీకర్లూ టిఫిను సంచిలో పెట్టుకుని ఇంటికి వచ్చింది. మరియ కూరగాయల బండి దగ్గరికి వెళ్ళింది. సుకుమార్ వరండాలో చాప మీద కూర్చుని గోళ్ళు గీరుకుంటున్నాడు. మహిమ బీకర్లు అతని ముందు పెట్టింది. ఏ నీళ్ళు దేనిలో పోసిందో చెప్పింది. ఇంకేమీ అడగలేదు.

అతను బీకర్లు ఒక్కొక్కటే ఎత్తి చూశాడు. ఒప్పుకోవడం మొదలుపెట్టాక మాత్రం ఆగలేదు. పెళ్ళికి ముందు డ్యూటీ అయిపోయినా ట్యాంకు దగ్గరే కూర్చునేవాడట. మంచినీళ్ళు నిండేదాకా, మట్టి చల్లేదాకా, ఫోన్లో పాటలు వింటూ. ఇంట్లో ఎదురుచూసే వాళ్ళెవరు అప్పుడు. పెళ్ళయ్యాక ఒక రోజు లావు పైపు తిప్పాడు. ఏమీ కాలేదు. మర్నాడూ తిప్పాడు. బస్తాలు గబగబా కుమ్మరించి బండెక్కేవాడు.

"చీకటి పడకముందు గోదారి చూపియ్యమంటివి గద నువ్వు," అన్నాడు. "నీ కోసమే జల్దీ వచ్చిన."

మహిమకు ఆ సాయంత్రాలు గుర్తొచ్చాయి. కరకట్ట మీద మొక్కజొన్న కంకులు, నీళ్ళ మీద ఎర్రటి వెలుగు, బండి మీద అతని వీపుకు చెంప ఆనించడం. ఆ ఒక్కో సాయంత్రం వెనకాల ఆ ట్యాంకు అడుగున ఒక్కో పొర కుళ్ళు పేరుకుంది. తను తిన్న కంకి రుచి కూడా ఇప్పుడు నోట్లో పాచిగా తిరిగింది. ఆ తర్వాత షీటు తెగడం మొదలై, గోదారికి వెళ్ళిందీ లేదు. త్వరగా రావాలని చేసిన పనే అతన్ని రాత్రిళ్ళు మిల్లుకు ఈడ్చుకుపోయింది.

"మరి గోపాలు?" అంది.

అతను తల దించుకున్నాడు.

"చేతులు కడుక్కోవచ్చు," అంది మహిమ. "పీచుతో రుద్దితే కాకపోతే ఇటుకతో రుద్దుకోవచ్చు. గోపాలు తిట్లు తింటుంటే పక్కనే నిలబడి చూశావు కదా. దాన్నెట్లా కడుగుతావు?"

"చెప్తే అందరు నవ్వుతరు. పెళ్ళాం కోసం మట్టి పాడుచేసిండంటరు."

"అననీ. నిజమే కదా."

అతను మళ్ళీ గోళ్ళు గీరుకోసాగాడు.

"మొన్న నన్ను అడిగావు, రోత పుట్టిందా అని. అప్పుడు చేతులకే పుట్టింది. ఇవాళ నీ మీదే పుట్టింది."

అన్నాక ఆమెకే భయమేసింది. పెళ్ళయి ఎన్నాళ్ళయిందని ఇలాంటి మాటలు. అతను లేచి, చొక్కా వేసుకుని, బీకర్లు రెండూ తీసుకుని బయటికి నడిచాడు. బండి తీయలేదు. గురవయ్య క్వార్టర్ రెండు వీధుల అవతలే.

అక్కడ జరిగింది మర్నాడు గురవయ్యే ల్యాబుకు వచ్చి చెప్పాడు. సుకుమార్ గుమ్మంలోనే నిలబడి అంతా చెప్పేశాడట. గోపాలును ఉంచుతామని ఒప్పుకునేదాకా మెట్టు దిగలేదట. గురవయ్య నోటికొచ్చినట్టు తిట్టాడట. మేనేజరు కూడా పిలిచి మందలించాడు, జీతంలో కోత పెట్టాడు.

"పెళ్ళాం మొకం జూసి ఉప్పు మర్చిపోయినోళ్ళను జూసిన," అన్నాడు గురవయ్య. "మట్టి మర్చిపోయినోన్ని నీ మొగున్నే జూసిన చెల్లె. ఆదివారం మెషీన్ ఆపి షట్ తీసుకుంటున్నం. ట్యాంకు వాడే కడగాలె, గోపాలు గాడు కూసోని జూడాలె. గిదే శిక్ష."

*

ఆదివారం గుడి నుంచి నేరుగా మహిమ కూడా మిల్లుకు వెళ్ళింది. ఇంట్లో కూర్చుంటే ముక్కు హాయిగా ఉండేది, మనసు ఉండేది కాదు.

లోపల విషపు గాలి ఉంటుందని గురవయ్య ముందే ట్యాంకు ఖాళీ చేయించి, పెద్ద ఫ్యాను పెట్టించాడు. ఎవరూ లోపలికి దిగొద్దని, తలుపు బయట నుంచే గీకాలని గట్టిగా చెప్పాడు. సుకుమార్ పొడుగు కర్రకు కట్టిన పారతో గీకుతున్నాడు. నల్లటి ముద్ద పెళ్ళలు పెళ్ళలుగా ఊడి కాలువలో పడుతుంటే ఫ్యాను గాలికి ఆ కంపు గది నిండా తిరిగింది. ముద్దలో తెల్లటి నార పోగులు వెంట్రుకల్లా చిక్కుకుని ఉన్నాయి. ఒక చోట ముద్ద విరిగితే లోపల పచ్చగా నిగనిగలాడింది. గోపాలు బోర్లించిన డబ్బా మీద కూర్చుని, ముక్కుకు తువ్వాలు చుట్టుకుని, ఆ మూలన ఇంకా ఉందన్నా, గా మూలన, అని వేలు చూపిస్తున్నాడు. అతని గొంతులో కోపం లేదు కానీ, పని మాత్రం వదిలిపెట్టలేదు.

మహిమ నీళ్ళ గొట్టం అందుకుంది. సుకుమార్ వద్దన్నాడు. ఆమె వినలేదు. అతను గీకిన చోటల్లా నీళ్ళు కొట్టింది. కాసేపటికే గోడ నుంచి జారిన పాకుడు తుంపర ఆమె చెంప మీద పడింది. చల్లగా, నత్త పాకినట్టు. గొట్టం వదిలేసి కాలువ దగ్గర కూర్చుని ఆగకుండా వాంతి చేసుకుంది. మొహం కడుక్కుని వచ్చి మళ్ళీ గొట్టం పట్టింది. మళ్ళీ వెళ్ళి వాంతి చేసుకుంది. "ఇగ సాలు తియ్యన్నా," అని గోపాలే డబ్బా మీద నుంచి లేచి పార అందుకున్నాడు.

ట్యాంకు లోపల ఇనుము మెరిశాక, సుకుమార్ సన్న పైపు తిప్పి మంచినీళ్ళు పెట్టాడు. ముగ్గురూ అది నిండటం చూశారు. చాలాసేపు పట్టింది. అతను మట్టిని గుప్పెడు గుప్పెడు చల్లాడు.

ఇంటి గుమ్మంలో మరియ వాళ్ళిద్దరినీ ఆపేసింది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, పెరటి దారిన పొమ్మని చెయ్యి ఊపింది. బండ మీద ఇద్దరినీ కూర్చోబెట్టి దూరం నుంచే చెంబులతో నీళ్ళు విసిరింది.

"మల్ల కక్కుకున్నవట గద బిడ్డా," అంది నీళ్ళు విసురుతూనే, గొంతులో ఆశ దాచుకోకుండా.

"అది వేరు అత్తమ్మా."

"ఏందో, మీ వేరు నాకు తెల్వదు," అని మరో బిందె తేవడానికి వెళ్ళింది.

మర్నాడు సుకుమార్ చీకటి పడ్డాక వచ్చాడు. గోదారి లేదు, కంకులు లేవు. ల్యాబుకు వచ్చిన మూడో మెషీన్ నీళ్ళలోంచి ఇవాళ సీసా అవతల పెట్టిన తన వేళ్ళు కనబడ్డాయని మహిమ చెప్పాలనుకుంది. చెప్పేలోపే అతను చాప చుట్టి లోపల పెడుతూ ఆగి, చేతులు వెనక్కి దాచుకున్నాడు.

మహిమ ఆ చేతులు లాగి దీపం కిందికి తెచ్చింది. సబ్బు వాసన, తడి మట్టి వాసన. దాని కింద, పాతది, ఇంకా కొంచెం. గోళ్ళ మూలల్లో నల్లటి గీత అలాగే ఉంది. ఆమె ముక్కు చిట్లించింది. చీరకు పెట్టుకున్న పిన్నీసు తీసి, అతని చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ఊపిరి బిగబట్టకుండానే బొటనవేలి గోరు నుంచి మొదలుపెట్టింది.